చైల్డ్ సేఫ్టీ కిట్ కొంటున్నారా? ముందు మా ఇంట్లో ఏం జరిగిందో చదవండి

పాకే పిల్లలు, పట్టుకుని నిలబడే పిల్లలు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నానండీ. మా పాపకి పదో నెల రాగానే ఆన్‌లైన్‌లో నలభై ముక్కల చైల్డ్ సేఫ్టీ కిట్ కొన్నాం. బల్ల మూలలకి అంటించే స్పాంజి కార్నర్ గార్డులు, ప్లగ్ రంధ్రాల్లో దూర్చే ప్లాస్టిక్ సాకెట్ కవర్లు, అల్మారా లాకులు, అన్నీ ఒకే డబ్బాలో. ఒక్క సాయంత్రంలో ఇల్లంతా అంటించేసి, ఇక బెంగ లేదనుకున్నాను.

మూడో వారంలో ఒకరోజు పాప టీపాయ్ పట్టుకుని నిలబడి ఏదో వాగుతోంది. నేను అదే గదిలో బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి వాగుడు ఆగింది. తిరిగి చూస్తే టీపాయ్ మూల బోసిగా ఉంది, పాప దవడలు ఆడుతున్నాయి. నోరు తెరిపిస్తే ముందు పళ్ల వెనకాలే నల్లటి స్పాంజి ముక్క కనిపించింది. చిటికెన వేలితో లాగేశాను. కనిపించింది కాబట్టే లాగాను. కనపడని దాని కోసం వేలు పెట్టి తడిమితే ఇంకా లోపలికి నెట్టేస్తామని ఎప్పుడో చదివాను, అది ఆ క్షణంలో గుర్తురావడం మా అదృష్టం. మిగతా గార్డు సోఫా కింద దొరికింది. అంచున నాలుగు బుల్లి పంటి గాట్లు, ఒకచోట గోరంత ముక్క లేదు. నోట్లోంచి తీసిన ముక్కని అక్కడ పెట్టి చూశాం. సరిగ్గా అతికాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

మెత్తటిదే కదా, ఏమవుతుందిలే అనుకోకండి. నొక్కితే నొక్కుకుపోయి గొంతులో మళ్లీ విచ్చుకునే వస్తువు గట్టిదానికన్నా మొండిది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వ్యాసం సుమారు 3.2 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా గొంతుకి అడ్డం పడగలదని లెక్క. ఇంట్లో టాయిలెట్ పేపర్ రోల్ లోపలి అట్ట గొట్టంతో చూసుకోవచ్చు, అది ఇంకాస్త వెడల్పు. ఆ కిట్‌లోని సాకెట్ కవర్ అందులోంచి దబ్బున జారిపడింది. అల్మారా లాకు మీద ఊడొచ్చే చిన్న బటన్ కూడా అంతే.

గార్డు ఎందుకు ఊడింది? కొంత తప్పు నాదే. తడిగుడ్డతో తుడిచి, సరిగ్గా ఆరకముందే అంటించాను. డబుల్ టేప్ పట్టాలంటే జిడ్డంతా స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, అంటించాక ఒక రోజు కదపకూడదట. ఆ మాట ఉంది, అగ్గిపెట్టె అంత కాగితం మీద, చీమ తలకాయంత అక్షరాల్లో. తర్వాత ఇంకో మూలకి ఆ పద్ధతి ప్రకారమే అంటించి చూశాను. అదీ వారంలో ఒక పక్క లేచింది. అలా లేచిన పక్కే పిల్లల వేళ్లకి చిక్కుతుంది. రివ్యూలు చూసే కొన్నాను కదా అని మళ్లీ వెళ్లి చూస్తే, మెచ్చుకున్నవాళ్లలో చాలామంది సరుకు అందిన రోజే రాసినవాళ్లు. మీరు మాత్రం నెల తర్వాత రాసినవి వెతుక్కుని చదవండి.

సాకెట్ కవర్ల గురించి ఇంకో సంగతి. కొన్ని రకాల మూడు పిన్నుల సాకెట్లలో లోపలే షట్టర్, అంటే రంధ్రాల్ని మూసి ఉంచే చిన్న మూత, ఉంటుంది. ప్లగ్గుకి పొడవుగా ఉండే ఎర్త్ పిన్ను ముందు వెళ్లి ఆ షట్టర్‌ని తెరుస్తుంది. కవర్‌ని తలకిందులుగా ఎర్త్ రంధ్రంలో దూరిస్తే కరెంటు ఉన్న రంధ్రాల షట్టర్ తెరుచుకుని ఉండిపోతుంది. బ్రిటన్‌లో 2016లో ఆరోగ్య శాఖ తమ ఆసుపత్రులు, సంరక్షణ కేంద్రాల్లో ఇలాంటి కవర్లు వాడొద్దని హెచ్చరిక జారీ చేసింది కూడా. మీ సాకెట్‌కి షట్టర్ ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌ని అడగండి. ఉంటే కవర్ దండగ.

అసలు కోపం వచ్చింది మాత్రం గేటు విషయంలో. అదే అమ్మకందారు దగ్గర మెట్లకని సేఫ్టీ గేటు తీసుకున్నాం. అమ్మకం పేజీలో ఫొటో మెట్ల పైభాగాన బిగించిన గేటుది. ఇంటికొచ్చాక లోపలి కాగితంలో చూస్తే "మెట్ల పైన వాడరాదు" అని ఉంది. గోడకి స్క్రూలు కొట్టకుండా రెండు పక్కలా ఒత్తిడితో నిలబడే గేటు అది. మెట్ల పైన స్క్రూలతో బిగించినదే ఉండాలి. పైగా ఈ ఒత్తిడి గేట్లకి అడుగున అడ్డంగా కమ్మీ ఉంటుంది, బిడ్డని ఎత్తుకుని దాటుతుంటే కాలికి తగులుతుంది. మా అత్తయ్యగారు ఊరికే చెయ్యి ఆనించారు, ఒక పక్క జర్రున జారింది. అదృష్టం, పాప అప్పుడు కింద గదిలో నిద్రపోతోంది.

వాపసు అడిగితే, "ఒకసారి అంటించిన సరుకు తీసుకోమండీ" అన్నారు. పంటి గాట్ల ఫొటో పంపితే, పిల్లల్ని పెద్దలు చూసుకోవాలని జవాబు. గేటుకి మాత్రం, పేజీలో ఫొటో స్క్రీన్‌షాట్, లోపలి కాగితం ఫొటో పక్కపక్కన పెట్టి పంపాక డబ్బు తిరిగొచ్చింది. మీరూ ఆర్డర్ పెట్టేటప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా డబ్బు వచ్చిన రెండో రోజుకే ఆ ఫొటో మార్చేశారు.

కంపెనీ పేరు అడక్కండి. అదే సరుకు, అదే ఫొటోలు, వేరే వేరే పేర్లతో కనబడుతున్నాయి. ఒక పేరు చెబితే మీరు రెండోది కొంటారు. కిట్‌లో నల్ల స్పాంజి గార్డులుండి, బటన్ ఊడొచ్చే లాకులు కూడా ఉంటే వదిలేయండి.

ప్రస్తుతం టీపాయ్‌నే తీసి పక్క గదిలో పెట్టేశాం. అల్మారాలకి లోపలి వైపు స్క్రూతో బిగించే లాకులు పెట్టించాం. పుస్తకాల అలమర గోడకి ఎల్ బ్రాకెట్లతో బిగించాం, అది కిట్‌లో ఎవరూ ఇవ్వరు గాని ఎక్కి లాగే వయసులో అన్నిటికన్నా ముందు చేయించాల్సింది అదే. ఆ గాట్ల గార్డు మాత్రం ఇంకా దాచాను, ఫొటో కావాలంటే పెడతాను.