బరంపురం పెద్ద బజారు క్యాసెట్ల షాపు: మూడు స్టార్లే ఎందుకిచ్చానంటే

ముందే చెప్పేస్తున్నాను, నేను ఈ షాపుకి పాత సినిమా పాటలు ఎక్కించుకోవడానికి వెళ్లలేదు. మా మాస్టారి గొంతు ఉన్న 23 క్యాసెట్లు సంచిలో వేసుకుని వెళ్లాను. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగు, మధ్యమధ్య కాస్త కోపం. షాపు పేరు రాయను. తప్పులు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టి వీధిలో నిలబెట్టడం ఇష్టం లేదు. పెద్ద బజారులో పట్టుచీరల దుకాణాలు దాటి, క్యాసెట్లు సీడీ చేసే షాపు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. సీడీల కాలం కూడా పోయింది గానీ, బోర్డు మీద ఇంకా అదే ఉంది.

మాస్టారు పోయిన ఏడాది కార్తీకంలో పోయారు. వయొలిన్ మాస్టారు. చదువుకున్నది విజయనగరం సంగీత కళాశాలలో, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి శిష్యుల దగ్గర. ఆ కాలేజీ 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలనీ, ద్వారంవారు 1936లో ఆ కుర్చీలోకి వచ్చారనీ మాకు సరళీ స్వరాల కంటే ముందే నేర్పేశారు. మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది కూడా 1936లోనే, ఏప్రిల్ 1న. "ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి, మీకు పరీక్షలో అడిగేది చిన్నది" అనేవారు.

తర్వాత ఆంధ్రా వైపు ఒక యూనివర్సిటీలో సంగీత శాఖలో చేరారు. హెడ్ అయ్యారు, డీన్ అయ్యారు, చివర్లో కొన్నాళ్లు ఇన్‌చార్జి వైస్ ఛాన్సలర్ (వీసీ). అంత అయినా బరంపురంలో కాపురం ఎత్తేయలేదు. శనివారం రాత్రి రైలు దిగడం, ఆదివారం పొద్దున్న ఆరింటికి గాంధీనగర్ ఇంటి వరండాలో మాకు పాఠం, సాయంత్రం మళ్లీ రైలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, వీధిలో రెండూ కలిపి మాట్లాడే మాలాంటి పిల్లలకి అక్షరం దోషం లేకుండా సాహిత్యం పలకడం వచ్చిందంటే ఆ ఆదివారాల వల్లే. నేను ఇప్పటికీ "ళ" సరిగ్గా పలుకుతాను. మా తమ్ముడు పలకడు. వాడు పాఠం ఎగ్గొట్టి క్రికెట్‌కి పోయేవాడు.

ఆ పాఠాలు నాన్న కొనిచ్చిన టేప్ రికార్డర్‌లో పట్టేదాన్ని. వారమంతా అదే వేసుకుని సాధన. ఆ క్యాసెట్లు అటక మీద రేకు పెట్టెలో ఉండిపోయాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫానుకి కిటికీ రెక్క ఊడి అటక మీదికి నీళ్లు కొట్టాయి. పెట్టె అడుగున ఉన్న వరసంతా తడిసింది. ఆరబెట్టి, మళ్లీ అక్కడే పెట్టేశాం. పదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. మాస్టారు పోయాక గానీ నాకు అవి గుర్తు రాలేదు. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇక షాపు సంగతి. చూసుకునేది తండ్రీ కొడుకులు. తండ్రి ఒడియాలోనే మాట్లాడతారు, ప్రతి మాటకీ "ఆజ్ఞా" (మన "అండీ" లాంటి మర్యాద మాట) అంటారు, పని అంతా ఆయన వేళ్లలో ఉంది. కొడుకు తెలుగు మన తెలుగే, వాళ్ల నాయనమ్మది ఇచ్ఛాపురం అట. నన్ను ఆంటీ అంటాడు, ఫోన్ మాట్లాడుతూనే కంప్యూటర్ నొక్కుతూ ఉంటాడు. ఆ ఇద్దరిలో మీ క్యాసెట్ ఎవరి చేతిలో పడుతుందన్నదాని మీదే అంతా ఉంది.

మొదటి క్యాసెట్ పెద్దాయన చేతిలో పడింది. అయిదు మరలు విప్పి మూత తీశారు. టేపుని, శబ్దాన్ని చదివే హెడ్‌కి ఆనించి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఒకటి ఉంటుంది, గోరంత. అది ఊడి లోపల దొర్లుతోంది. పనికిరాని ఇంకో క్యాసెట్లోంచి అలాంటి ముక్క తీసి, చిమటాతో పట్టుకుని, చుక్క జిగురుతో రాగి రేకు మీద అంటించారు. ఊపిరి బిగబట్టి చేశారు, నేనూ బిగబట్టాను. తర్వాత క్యాసెట్ ఆడించే డెక్ హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పుల్ల కాఫీరంగులోకి తిరిగింది. మూడు పుల్లలు మార్చారు, మూడోది తెల్లగా వచ్చేదాకా.

పెట్టి ప్లే నొక్కితే మాస్టారు కంబళి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినిపించింది. నా ముఖం చూసి ఆయన నవ్వి, సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని హెడ్ పక్కన ఉన్న మరని ఇంత, అంటే గోధుమగింజంత, తిప్పారు. మన రికార్డర్ హెడ్ ఏ వంపులో ఉండి పట్టిందో డెక్ హెడ్ కూడా అదే వంపుకి రావాలట, ప్రతి క్యాసెట్‌కీ చూసుకోవాలట. మర ఒక చోటికి వచ్చేసరికి కమాను తీగ మీద పడే చప్పుడు బయటికొచ్చింది. "మాయామాళవగౌళ. వెన్ను నిటారుగా." రాగం పేరూ, ఆ ఒక్క మాటా, అంతే అన్నారు మాస్టారు. నేను స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. యాభై నాలుగేళ్లు నాకు.

ఇక్కడిదాకా అయిదు స్టార్లు.

మిగతావి కొడుక్కి అప్పజెప్పి వచ్చాను. వారంలో ఇస్తానన్నాడు. క్యాసెట్ ఎంతసేపు ఉంటే అంతసేపూ ఆడించాల్సిందే, 90 నిమిషాలదానికి గంటన్నర పడుతుంది, దగ్గరి దారి లేదు. కాబట్టి వారం అంటే నమ్మకండి. నాకు అయిదు వారాలు పట్టింది. ఆలస్యం గురించి నాకేం బాధ లేదు గానీ, "రేపు" అని ఆరుసార్లు చెప్పడం బాగాలేదు.

వచ్చిన ఫైళ్లు ఇంట్లో పెట్టుకుని విన్నాను. హిస్, అంటే టేపు వెనకాల సుయ్ మని వచ్చే చప్పుడు, అన్నది లేదు. బాగుందే అనుకున్నాను. రెండో రోజు వయొలిన్ తీసి కలిపి వాయిద్దామంటే శ్రుతి కలవలేదు. మాస్టారు పాడేది ఒకటి శ్రుతిలో. ఫైల్లో ఒకటిన్నర! వేగం ఆరు శాతం పెరిగితే చాలు, శ్రుతి అర మెట్టు ఎక్కి కూర్చుంటుంది. పట్టుకెళ్లి అడిగితే పెద్దాయన ఒక్క నిమిషం విని, మా రికార్డర్ ఆ రోజు బ్యాటరీల మీద నడిచి ఉంటుందన్నారు. బ్యాటరీ నీరసంగా ఉంటే టేపు నెమ్మదిగా తిరుగుతూ పట్టుకుంటుంది, ఇప్పుడు సరైన వేగంలో వేస్తే పరిగెడుతుంది. నిజమే, ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడుండేది? అది షాపు తప్పు కాదు. కానీ సంగీతం క్యాసెట్ అని చెప్పి ఇచ్చాక ఒకసారి చూసుకోవాలి కదా. నా ఎలక్ట్రానిక్ తంబూరా పట్టుకెళ్లి పక్కన పెట్టి సరిచేయించాను. ఒక క్యాసెట్లో బ్యాటరీ పోను పోను దిగిపోయింది, అంచేత శ్రుతి పోను పోను ఎక్కుతుంది. దాన్ని ముక్కలు ముక్కలుగా సరిచేశాడు, పాపం రెండు సాయంత్రాలు కూర్చున్నాడు.

అసలు గొడవ 14వ క్యాసెట్‌తో వచ్చింది.

అందులో మోహన రాగం వర్ణం పాఠం. మాస్టారు ఇన్‌చార్జి వీసీగా ఉన్న నెలలవి. పాఠం మధ్యలో ఫోన్ మోగింది, ఆయన లేచి లోపలికి వెళ్లి మాట్లాడారు, నేను టేపు ఆపలేదు. నాకు బాగా గుర్తు. ఎందుకంటే క్యాసెట్ వృథా చేశానని తర్వాత నాన్న తిట్టారు. ఫైల్లో వింటే ఫోన్ మోగింది, కుర్చీ కదిలింది, అంతే. తర్వాత రెండు నిమిషాలు నిశ్శబ్దం. దూది కుక్కినట్టు నిశ్శబ్దం. మళ్లీ మాస్టారు వచ్చి "ఎక్కడున్నాం?" అన్నారు.

కుర్రాడు అన్నిటికీ నాయిస్ రిడక్షన్ కొట్టేశాడట. "క్లీన్‌గా ఉంటది ఆంటీ, అందరూ అదే అడుగుతారు." ఆ సాఫ్ట్‌వేర్‌కి లోపలి గదిలోంచి వచ్చే గొంతు కూడా చెత్తే. హిస్‌తో పాటు తుడిచేసింది. అప్పుడు మిగతావి కూడా చెవి పెట్టి విన్నాను. తొడ మీద వేసే తాళం లేదు. వంటింట్లో అమ్మగారి గిన్నెలు లేవు. కమాను తీగని కొరికే గరుకు లేదు, వయొలిన్ కుండలోంచి వస్తున్నట్టుంది. శుభ్రం చేయని కాపీ ఇమ్మంటే, ఉంచలేదన్నాడు. అదే ఫైలు మీద సేవ్ చేశాడు.

నేను అరిచాను. అంత అరవాల్సింది కాదు, బజారంతా చూసింది. పెద్దాయన "ఆజ్ఞా, కూర్చోండి" అని టీ తెప్పించి, కొడుకుని ఒడియాలో నాలుగు మాటలన్నారు. మొత్తం మళ్లీ ఆడించారు, రెండో విడతకి పైసా తీసుకోలేదు. కానీ 90 నిమిషాల క్యాసెట్లలో టేపు 60 వాటి కంటే పల్చగా ఉంటుంది, రెండోసారి తిప్పడం దానికి మంచిది కాదు. ఒకటి తెగింది. ఏటవాలుగా కోసి అతికారు. నాలుగు సెకన్లు పోయాయి, ఖరహరప్రియ రాగం ఆలాపనలో. ఒకసారే సరిగ్గా చేసి ఉంటే పోయేవి కావు. ఒక స్టారు దానికి కోసేశాను, ఇంకొకటి అడక్కుండా శుభ్రం చేసినందుకు.

14వది మాత్రం పెద్దాయనే పక్కన కూర్చుని ఎక్కించారు. ఇప్పుడు వినిపిస్తుంది. దూరంగా, హిస్ వెనకాల, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే స్పష్టంగానే. "హాల్ టికెట్లు ఆపొద్దు... లేదు, ఫీజు సంగతి తర్వాత... పిల్లలకి పరీక్ష పోతే ఏడాది పోతుందండీ. నా పేరు మీద రాయండి." మధ్యలో ఒక కాకి. తర్వాత చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి, "ఎక్కడున్నాం? ధైవతం దగ్గర. దాన్ని ఊపకు, నిలబెట్టు. మళ్లీ."

యూనివర్సిటీలో పెట్టిన సంతాప సభకి నేను వెళ్లాను. పెద్ద ఫొటో, చామంతి దండ, ఆయన హయాంలో కట్టిన భవనాల లెక్క, తెచ్చిన కోర్సుల లెక్క, అన్నీ చదివారు. తప్పేం లేదు, అవీ ఆయన చేసినవే. ఒక్కరు కూడా వయొలిన్ పెట్టె తెరవలేదు. రైలులో తిరిగొస్తూ ఇచ్ఛాపురం దాటాక నాకు ఆ హాల్ టికెట్ల ఫోన్ గుర్తొచ్చింది. అటక ఎక్కింది ఆ రాత్రే.

మీరు వెళ్లేటట్టయితే: పొద్దున్న పూట వెళ్లండి, పెద్దాయన ఉంటారు. క్యాసెట్ ఒక్కింటికి 250 తీసుకుంటారు, నాకు 19 క్యాసెట్లకి 4,750 అయింది. ఎంపీత్రీ వద్దు, 24 బిట్ వేవ్ ఫైల్ (శబ్దాన్ని కుదించకుండా ఉంచేది) కావాలని గట్టిగా చెప్పండి. గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది, నా 19 క్యాసెట్లు 32 జీబీ పెన్ డ్రైవ్‌లో ఇరుక్కుని పట్టాయి. నాయిస్ తీయొద్దని కాగితం మీద రాసి సంచికి అంటించండి, నోటి మాట సరిపోదు. శుభ్రం చేసింది కావాలంటే తర్వాత ఎప్పుడైనా చేయించుకోవచ్చు. మరీ ముఖ్యంగా, ఫైళ్లు విని చూసుకునేదాకా డబ్బు మొత్తం ఇవ్వకండి. నేను ఇచ్చేశాను.

మిగతా నాలుగు క్యాసెట్లు అడుగు వరసవి, ఫైలిన్‌లో తడిసినవి. టేపు అంచున తెల్లగా బూజు పట్టింది, పైగా వాటికి మరలు లేవు, అంటించేసిన డబ్బీలు. పగలగొట్టి టేపు తీసి వేరే ఖాళీ డబ్బీల్లోకి మార్చాలట. మరలున్న డబ్బీలు దొరికితే ఫోన్ చేస్తానన్నారు పెద్దాయన. వాటిలో ఒకదాని మీద నా చిన్నప్పటి రాతలో "అటతాళ వర్ణం, సగం" అని ఉంది. ఆయన ఫోన్ చేస్తే కింద రాస్తాను, స్టార్లు కూడా అప్పుడే మారుస్తాను.