పాత అంబాసిడర్ బ్రేక్ లైట్లకు క్రింపింగ్ కనెక్షన్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

పాత కారులో బ్రేక్ లైట్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోతే, ముందే స్విచ్ మార్చేయకండి. కనెక్షన్లు చూడండి. నా పెట్రోల్ అంబాసిడర్‌లో మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లన్నీ తీయించి, వైరు కొసలకు లగ్గులు (బిగించే లోహపు ముక్కలు) క్రింప్ చేయించి, అంటే టూల్‌తో గట్టిగా నొక్కించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే గొట్టం) వేయించాను. విజయవాడ ఎండలకూ వానలకూ కొన్నేళ్లుగా నిలిచాయి. మామూలు ఇన్సులేషన్ టేపైతే మే నెల వేడికి జిగురు కారి, మడత విడిపోయేది.

నా కారులో ఈ స్విచ్ పెడల్ దగ్గర ఉండదు, బ్రేక్ ఆయిల్ లైన్‌కు బిగించి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడికి లోపలి కాంటాక్టులు కలుస్తాయి. విప్పితే ఆయిల్ కారుతుంది, మళ్లీ బిగించాక బ్లీడింగ్ చేయాలి, అంటే లైన్‌లో చేరిన గాలి తీసేయాలి. ఉత్త అనుమానంతో అంత పని పెట్టుకోవడం దండగ. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన నాకు చెప్పింది ఇదే: "ముందు స్విచ్ దగ్గర ఈ రెండు వైర్లూ కలిపి చూడు బాబూ. లైటు వెలిగితే స్విచ్ పోయినట్టు. వెలక్కపోతే దాని జోలికి పోకు." ఇగ్నిషన్ ఆన్ చేసి కలిపితే వెలగలేదు. డిక్కీలో వైరు కాస్త కదిపితే వెలిగింది!

ఏ వైరు ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి. ఆ బ్రిటిష్ పద్ధతిలో స్విచ్‌కి కరెంటు తెచ్చేది ఆకుపచ్చ వైరు, అక్కడి నుంచి లైట్లకు వెళ్లేది ఆకుపచ్చ మీద ఊదా గీత ఉన్నది. మధ్యలో ఎవరైనా వైరింగ్ మార్చి ఉంటే మాత్రం రంగులను నమ్మొద్దు, టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పెట్టి చూడాల్సిందే.

అసలు చిక్కు ఎర్త్ దగ్గర, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిలో ఉంది. బ్రేక్ తొక్కినప్పుడు ఒకవైపు టెయిల్ లైటు మసకబారుతుంటే ఎర్త్‌నే అనుమానించాలి. బ్రేక్ తొక్కి పట్టుకుని, బల్బు హోల్డర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే ఒక వోల్టు పైనే చూపించింది. అంత వోల్టేజీ తుప్పులోనే పోతోందన్నమాట. రెండు 21 వాట్ల బల్బులు 12 వోల్టుల మీద సుమారు 3.5 ఆంపియర్లు లాగుతాయి. లూజ్ కాంటాక్ట్ వేడెక్కడానికి అది చాలు. వేడికి కార్బన్ పడుతుంది, కార్బన్ వల్ల వేడి ఇంకా పెరుగుతుంది. రేకు మీద పెయింటు గీకి, ఎమెరీ పేపరుతో రుద్ది, కొత్త లగ్గు బిగించి పైన వ్యాసలీన్ రాశాం. మీటరు దాదాపు సున్నాకు వచ్చింది.

ఇందులో లోటు లేదని అనను. క్రింపింగ్ టూల్ మంచిది కావాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కిన లగ్గు లాగితే ఊడి చేతికొస్తుంది, అలా బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రతి లగ్గునూ మీ చేత్తో లాగి చూసుకోండి. స్లీవ్ ముడుచుకోవడానికి డిక్కీలో లైటర్ వెలిగించనివ్వకండి, పెట్రోలు ట్యాంకు వెనకే ఉంది. హీట్ గన్ ఉన్న షాపుకే వెళ్లండి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి. బల్బు హోల్డర్‌లో స్ప్రింగ్ చచ్చిపోతే కనెక్షన్ ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. నా కుడివైపు హోల్డర్ తర్వాత మార్చాల్సి వచ్చింది.

బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం బైకులు బంపర్‌కి ఆనుకున్నట్టే వస్తాయి. నేను ఆగుతున్నానని వెనకున్న కుర్రాడికి తెలియాలంటే ఆ రెండు బల్బులే దిక్కు. ఈ ఖర్చును అందుకే వాయిదా వేయొద్దంటాను.

స్విచ్ ఇంకా పాతదే పనిచేస్తోంది. దాని కాంటాక్టులు అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) కూడా పెట్టిస్తాను. లైట్ల కరెంటు రిలే మోస్తే కొత్త స్విచ్ ఎక్కువకాలం మన్నుతుంది.