బెల్‌ఫాస్ట్ మీద రెండు పుస్తకాలు: సే నథింగ్, మిల్క్‌మన్ - ఏది ముందు చదవాలి

ఐర్లాండ్ అనంగనే గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేటోళ్ళు ఠక్కున మన రాజ్యాంగం అక్కడి నుంచి తీసుకున్న ఆదేశిక సూత్రాలు అంటరు, చిక్కడపల్లి లైబ్రరీలో ఎవర్ని అడిగినా అదే జవాబు, ఇంకొంచెం చదివినోళ్ళయితే మన వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ పోయి 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత అక్కడి నుంచి వచ్చేయాల్సి వచ్చిందని కూడా చెప్తరు. మన చదువు అక్కడితో ఆగిపోతది. 1921లో ఆ దేశాన్ని విడగొట్టి ఉత్తరాన ఆరు కౌంటీలు (బెల్‌ఫాస్ట్ రాజధానిగా ఉత్తర ఐర్లాండ్) బ్రిటన్ కింద ఉంచినంక అక్కడ ఏమైంది, ఎక్కువగా బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లకి, ఐర్లాండ్‌లో కలవాలనే క్యాథలిక్‌లకి మధ్య కొట్లాటలో 1960ల చివర్నుంచి 1998 శాంతి ఒప్పందం దాకా దాదాపు 3,500 మంది ఎట్ల చచ్చిపోయిన్రు అనేది మనకి ఎవరూ చెప్పలే. ఆ కాలం మీద ఒకటి చరిత్ర, ఒకటి నవల, వెంటవెంటనే చదివిన. రెండూ కలిపే రివ్యూ రాస్తున్న, ఎందుకంటే ఒక్కటే చదివితే సగమే చేతికొస్తది.

ముందు సే నథింగ్. రాసింది ప్యాట్రిక్ రాడెన్ కీఫ్ అనే అమెరికన్ జర్నలిస్ట్, 2018లో వచ్చింది. 1972 డిసెంబర్‌లో బెల్‌ఫాస్ట్ డివిస్ ఫ్లాట్స్‌లో జీన్ మెకాన్‌విల్ అనే ఆవిడని ఇంట్లోంచి, పిల్లల ముందరే ఎత్తుకపోయిన్రు. పదిమంది పిల్లలు. పుట్టుక ప్రొటెస్టెంట్, పెళ్ళి చేసుకుంది క్యాథలిక్‌ని, అందుకే వాళ్ళని ప్రొటెస్టెంట్లు తరిమిన్రు, క్యాథలిక్‌లు పూర్తిగా నమ్మలే, భర్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలే. ఇన్ఫార్మర్ అని చంపినం అని ఐఆర్‌ఏ (బ్రిటన్ మీద ఆయుధాలు పట్టిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) చాలా ఏళ్ళ తర్వాత 1999లో ఒప్పుకుంది, 2006లో పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే పోలీస్ అంబుడ్స్‌మన్ మాత్రం ఆమె ఇన్ఫార్మర్ అనడానికి ఆధారమే లేదని తేల్చింది. పిల్లల్ని హోమ్‌లలో తలోదిక్కు పడేసిన్రు. 2003లో లౌత్ కౌంటీ బీచ్ దగ్గర ఆమె ఎముకలు దొరికినయ్. మన అమ్మల గాజులకి పిన్నీసు వేలాడుతున్నట్టే ఆమె బట్టలకి ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేదంట, పిల్లల పనికి అక్కరకొస్తదని. బట్టల్లో పిన్నీసు ఉందా అని కొడుకు అడిగితే లేదన్న ఆఫీసరు, బట్ట మడత తిప్పి చూస్తే ఉంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు అట్లనే కూసున్న.

కానీ ఇది ఒక్క హత్య కథ కాదు. 1973లో లండన్‌లో కారు బాంబులు పెట్టిన ఐఆర్‌ఏ మహిళ డోలర్స్ ప్రైస్, జైల్లో రెండొందల రోజులకి పైగా నిరాహారదీక్ష, గొంతులో గొట్టం దోపి తిండి ఎక్కించుడు, ఇవన్నీ చేసి, పడ్డ మనిషి 1998 ఒప్పందం చూసి మరి ఇదంతా దేనికి చేసినట్టు అని నలిగిపోయింది. ఆ నలుగుడు రాయడంలో కీఫ్ అద్భుతం. నేను మాత్రం ఇంకోటి చెప్పాలి: ఇందులో దాదాపు అంతా ఐఆర్‌ఏ వైపు లోపలి కథే. అటు బ్రిటన్ వైపు నిలబడ్డ లాయలిస్ట్ గ్రూపులు చేసిన హత్యలు, 1972 జనవరిలో డెర్రీలో బ్రిటిష్ సైన్యం కాల్చి అక్కడికక్కడే 13 మందిని చంపుడు, వీటికి ఇచ్చిన జాగా తక్కువ. ఇదొక్కటే చదివి ఉత్తర ఐర్లాండ్ అర్థమైందని అనుకోవద్దు.

ఇంక మిల్క్‌మన్. ఆనా బర్న్స్ పుట్టింది బెల్‌ఫాస్ట్‌లోనే, 2018 బుకర్ దీనికే. ఇందులో ఊరికి పేరు లేదు, మనుషులకి పేర్లు లేవు, చెప్పే పద్దెనిమిదేళ్ళ పిల్ల పేరు కూడా మనకి తెల్వదు. మొదట చిరాకేస్తది, తర్వాత సమజైతది, అక్కడ పేరు చెప్తే మతం చెప్పినట్టే కదా. మన దగ్గర కిరాయికి ఇల్లు చూడబోతే ఓనర్లు తాళం తీయకముందే “మీరేమిట్లు?” అని అడుగుతరు, ఇంటిపేరు విని కులం లెక్క కట్టుకుంటరు, ఆ ప్రశ్నకి తడబడ్డ ఎవరికైనా ఈ నవల ఇట్టే పట్టుబడ్తది. అక్కడైతే తినే బటర్, తాగే టీ కూడా ఎవరి వైపుదో చూస్తరు. ఒకతను పాత బెంట్లీ కారు పార్ట్ ఇంటికి తెచ్చుకుంటే, అది బ్రిటన్ వాళ్ళ కారు కాబట్టి దానితోపాటు వాళ్ళ జెండా కూడా వచ్చిందా అని పుకారు లేపుతరు.

నలభయ్యొక్కేళ్ళ మిలిటెంట్ ఒకడు ఈ పిల్ల వెంట పడ్తడు. ముట్టుకోడు, కొట్టడు, ఊరికే పక్కన నడుస్తడు, కారు ఆపుతడు, ఆమె ఎప్పుడు ఎక్కడుంటదో అన్నీ తెలిసినట్టు మాట్లాడ్తడు. వారంలో వాడకట్టంతా వాళ్ళిద్దరికీ సంబంధం ఉందని తీర్పు ఇచ్చేస్తది. కాదని చెప్పినా ఎవరూ వినరు కాబట్టి ఆమె చెప్పుడే మానేస్తది. జనం ఆమెను తప్పుపట్టే ఇంకో కారణం నడుస్తూ నవలలు చదువుడు, జేబులో పేలుడు పదార్థం పెట్టుకొని తిరిగేటోడు మామూలు మనిషి, పుస్తకం పట్టుకున్న పిల్ల తేడా మనిషి! నాకు అన్నిటికన్నా నచ్చింది ఫ్రెంచ్ క్లాసు సీన్. ఆకాశం నీలంగానే ఉంటదని స్టూడెంట్లంతా కొట్లాడ్తరు, టీచర్ కిటికీ దగ్గరికి తీసుకపోయి సాయంత్రం ఆకాశం చూపిస్తది, ఇన్ని రంగులు కళ్ళ ముందున్నా ఒప్పుకోడానికి వాళ్ళకి భయం.

కష్టం ఎక్కడంటే పేరాలు పేజీలకి పేజీలు పోతయ్, డైలాగులు తక్కువ, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి.

అందుకే సే నథింగ్ ముందు చదవండి, ఎవరు ఎవరితో ఎందుకు కొట్లాడిన్రో తెలిసినంక మిల్క్‌మన్‌లో చెప్పకుండా వదిలేసినవి వాటంతట అవే వినిపిస్తయ్. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద రెండూ అప్పుడప్పుడు కనిపిస్తయ్ గానీ సే నథింగ్ పైరేటెడ్ కాపీ తీసుకోకండి, ఫొటోలు నల్లగా మసకపడి ఉంటయ్, ఆ మొహాలు చూడకపోతే ఆ పుస్తకం చదివి లాభం లేదు, కొంచెం పైసలు ఎక్కువైనా ఒరిజినలే కొనండి. మిల్క్‌మన్ కాగితం మీద సాగకపోతే ఆడియోబుక్ ట్రై చేయండి, బ్రిడ్ బ్రెనన్ చదివింది, ఆ యాసలో వింటే పొడుగు వాక్యాలు బరువనిపించవ్.