పాత కంప్యూటర్‌లో తెలుగు వాయిస్ టైపింగ్: విండోస్ 7 ఉంచాలా, లినక్స్ మింట్ వేయాలా?

విండోస్ 7 సొంత స్పీచ్ రికగ్నిషన్‌కు తెలుగు రాదు. మిగిలిన సులువైన దారి క్రోమ్‌లో గూగుల్ డాక్స్: టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కి, మైకు బొమ్మ పైన తెలుగు ఎంచుకోవాలి.

క్రోమ్: విండోస్ 7లో 109వ వెర్షన్‌తో ఆగిపోయింది, డాక్స్ ఎప్పుడైనా మొరాయించవచ్చు. విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన మింట్‌లో తాజా క్రోమ్ ఎక్కుతుంది.

ఖర్చు: విండోస్‌కు ఏమీ లేదు. మింట్‌కు 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. 64 బిట్ ప్రాసెసర్ తప్పనిసరి. ర్యామ్ 2 జీబీతో నడుస్తుంది, 4 ఉంటే హాయి.

రిస్క్: విండోస్ 7కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరితో ఆగాయి, అందులో బ్యాంకు పనులు వద్దు. మింట్ వేసేటప్పుడు డిస్క్ తుడిచిపెట్టుకుపోవచ్చు, ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోండి.

అయితే వాయిస్ టైపింగ్ పనిచేయకపోతే చాలాసార్లు తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాదు. ఫోన్ హెడ్‌సెట్‌ను డెస్క్‌టాప్ గులాబీ రంగు రంధ్రంలో నేరుగా పెడితే మాట అందదు. మైకు, స్పీకర్ విడదీసే స్ప్లిటర్ కావాలి. కంప్యూటర్ లోపలి బిళ్ల బ్యాటరీ (సీఆర్2032) అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, అప్పుడు బ్రౌజర్ సైట్లనే తెరవనివ్వదు. ఇవి సరిచూశాకే మార్పు మాట. మింట్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి మైకు పరీక్షించవచ్చు. ఈ పని మాత్రం మానొద్దు.

పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో డీటీపీ చేసేవారు విండోస్‌ను తీసేయకండి, పక్కన మింట్ పెట్టుకోండి. డాక్స్ ఇచ్చేది యూనికోడ్, అనూ ఫాంట్ల అక్షర సంకేతాలు వేరు కాబట్టి అనూకు కన్వర్టర్ ఎలాగూ కావాలి. ఉత్తరాలు, వ్యాసాలు రాసుకునేవారికైతే మింటే మేలు.