"ఫార్మాల్డిహైడ్ లేదు" అని పెట్టె మీద ఉంటే చాలనుకున్నాను. మీరు అనుకోకండి

నాది ఉంగరాల జుట్టు. దువ్వితే ఉబ్బుతుంది, దువ్వకపోతే చిక్కు పడుతుంది. చిన్నప్పుడు అమ్మ దువ్వెన పట్టుకోగానే మంచం కింద దూరేదాన్ని. అందుకే రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ఇంట్లోనే జుట్టు సాఫీ చేసుకునే కెరటిన్ కిట్ కనిపిస్తే పెద్దగా ఆలోచించకుండా కొనేశాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు ఇంకా చాలా ఉన్నాయి. పేరు చెప్తే మీరు అదొక్కటి మానేసి పక్కది కొంటారు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "ఫార్మాల్డిహైడ్ లేదు" అని ఉంది. ఫార్మాల్డిహైడ్ అంటే ఘాటైన, హాని చేసే రసాయనం. లోపలి కాగితంలో ఏముందంటే, తలస్నానం చేసి, క్రీమ్ రాసి, కాసేపు ఉంచి, ఆరబెట్టి, ఒక్కో పాయ మీద 230 డిగ్రీల్లో ఏడెనిమిదిసార్లు ఐరన్ లాగాలట. అలాగే చేశాను. మొదటి పాయకే పొగ వచ్చింది. కళ్ళు మండాయి, గొంతులో కారం కొట్టినట్టయింది. పొగ ఇల్లంతా పట్టకూడదని బాత్రూమ్ తలుపు వేసుకున్నాను చూడండి, అదీ నా తెలివి! అక్క వచ్చి తలుపు కొట్టి "ఏం తగలబెడుతున్నావే?" అని అరిస్తే గానీ బయటికి రాలేదు. వచ్చాక కూడా, మిగతా సగం జుట్టు హాల్లో కూర్చుని పూర్తి చేశాను. సగం సాఫీగా, సగం ఉంగరాలతో వదిలేయలేక.

మొదటి వారం నిజంగానే పట్టులా ఉంది. ఫోన్ నిండా నా ఫొటోలే. మూడో తలస్నానానికి ముందువైపు పాయలు వేలెడంత మిగిలి పుటుక్కున తెగడం మొదలైంది. చెవుల వెనక, మాడు మీద క్రీమ్ తగిలినచోట పొక్కులు లేచి చెక్కు కట్టాయి. జుట్టుకి వేసుకున్న గోధుమ రంగు కాస్తా ఇత్తడి రంగుకి దిగింది.

అప్పుడు తీరిగ్గా ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదివాను. పదార్థాల జాబితాలో రెండో పేరే గ్లైఆక్సిలిక్ యాసిడ్.

అసలు కథంతా ఇక్కడుంది. ఈ ఆమ్లం ఫార్మాల్డిహైడ్ కాదు, కాబట్టి పెట్టె మీది మాట అక్షరాలా అబద్ధం కాదు. కానీ దాన్ని ఐరన్‌తో వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరి పుడుతుంది. ట్యూబులో లేనిది మీ మొహం ముందు తయారవుతుందన్నమాట. ఐరన్ పెట్టమని చెప్పేది మళ్ళీ వాళ్ళ కాగితమే. ఇది కొత్త ఎత్తు కూడా కాదు. 2011లో మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక కంపెనీకి హెచ్చరిక లేఖ రాసింది. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని అమ్ముతున్న వాళ్ళ సరుకులో 8.7 నుంచి 10.4 శాతం మిథిలిన్ గ్లైకాల్ దొరికింది. ఫార్మాల్డిహైడ్ నీళ్ళలో కలిస్తే అయ్యేది అదే. ఫార్మాలిన్, మిథైల్ ఆల్డిహైడ్ లాంటి పేర్లు కనిపించినా అనుమానించండి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం కిడ్నీల సంగతి. 2024లో ఒక వైద్య పత్రికలో 26 ఏళ్ళ అమ్మాయి కేసు వచ్చింది. 2020, 2021, 2022లో మూడుసార్లు జుట్టు సాఫీ చేయించుకుంటే మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. మాడు మీద మంట, పుండ్లు, ఆపైన వాంతులు, జ్వరం, నడుంనొప్పి. ఆ క్రీములో 10 శాతం గ్లైఆక్సిలిక్ యాసిడ్. అదే క్రీమ్ ఎలుకల చర్మానికి రాస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ అనే లవణం స్ఫటికాలుగా పేరుకుంది. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడే రక్తపరీక్ష చేయించుకున్నాను. బాగానే ఉంది.

అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపితే "మీరు వేడి ఎక్కువ పెట్టి ఉంటారు" అన్నారు. వాళ్ళ కాగితంలోని 230 డిగ్రీలు చూపించాను. అప్పుడు "మూత తీసిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. నేను డబ్బు అడగలేదు, పెట్టె మీద ఆ మాట తీసేయమన్నాను. ఇప్పటిదాకా జవాబు లేదు.

కాబట్టి కొనేముందు ట్యూబు వెనకవైపు ఫొటో చూడండి. అది పెట్టని చోట కొనకండి. "సహజం", "మూలికలతో" అన్న మాటలు గ్లైఆక్సిలిక్ ఉన్న ట్యూబుల మీద కూడా చూశాను. ఒక్క ఫంక్షన్ కోసమే అయితే పూర్తిగా ఆరిన జుట్టుకి వేడి తట్టుకునే స్ప్రే కొట్టి, తక్కువ వేడిలో ఐరన్ చేసుకుంటే సరిపోతుంది. తలస్నానం చేస్తే పోతుంది, పోనీండి. తడి జుట్టు మీద మాత్రం ఐరన్ పెట్టొద్దు. లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేచి అక్కడే తెగుతుంది.

ఇప్పటికే వాడేసి మాడు మండుతున్నా, వాంతులు, నడుంనొప్పి ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ట్యూబు కూడా వెంట తీసుకెళ్ళండి. నేను మొదటిసారి దాన్ని ఇంట్లో మర్చిపోయి వెళ్ళాను. "ఏం రాశారు?" అని డాక్టర్ అడిగితే "ఏదో క్రీమ్" అన్నాను.