గోడ చుట్టూ కంకర: చెదలు ఆగలేదు, దొరికిపోయాయి

ఇంటి చుట్టూ గోడనానుకుని రెండడుగుల వెడల్పున కంకర పోయిస్తే అమ్మ "ఏట్రా, ఇంటికి రైలుపట్టా ఏసీసినావా?" అంది. అది తిత్లీ తరవాతి సంగతి. 2018 అక్టోబరులో ఆ తుపాను మా ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. మా పెరట్లో పడినవాటిలో అమ్ముడుపోని మానులు వెనక గోడ పక్కనే ఉండిపోయాయి. వాటికి పట్టిన చెద వంటింటి ద్వారబంధం దాకా వచ్చింది. మానులు, గోడ పక్క అరటి పిలకలు తీయించి కంకర పోయించాను.

ఇన్నేళ్లు వాడాక నేను మెచ్చుకునేది ఒక్కటే. కంకర చెదల్ని ఆపదు, కంటికి పట్టిస్తుంది. ఇదివరకు మొక్కలు, రాలిన ఆకులు గోడ అడుగుని కప్పేసేవి. ఇప్పుడు జానెడు ప్లింతు ఎప్పుడూ బయటికే ఉంటుంది. ఓ వానాకాలం చెప్పులు కడుక్కుంటుంటే కనబడింది, కంకరలోంచి లేచి కిటికీ వైపు పాకుతున్న సన్నటి మట్టి గీత. చీపురుపుల్లతో గీకితే లోపల తెల్లటి పురుగులు చెల్లాచెదరయ్యాయి. మర్నాటికి తెగినచోట తడిమట్టితో అతుకేసేశాయి! కంకర పక్కకి లాగి ఆ గీత వెంటే తవ్వుకుంటూ పోతే నేలలో మిగిలిన పాత కొబ్బరి మొద్దు తేలింది. దాన్ని పెకలించి, చెదమందు వాళ్లని పిలిచి ఆ గోడ పొడవునా మందు పోయించాం. పాత పెరడే అయితే ద్వారబంధం డొల్లయ్యాకే తెలిసేది.

చెమ్మ సంగతికొస్తే, మొదట్లో నేను ఊరంతా చెప్పినంత లాభం లేదు. వానకి మట్టి గోడమీదకి చిమ్మడం పోయింది, వేసిన సున్నం నిలుస్తోంది. వంటింటి గోడకి ఉప్పు పొంగడం మాత్రం అలాగే ఉంది. పాత ఇల్లు, నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే డీపీసీ పొర లేదు. కింద నుంచి ఎక్కే తడికి పక్కన పోసిన కంకర ఏం చేస్తుంది?

2021లో గులాబ్ తుపానప్పుడైతే ఈ కంకరే తలనొప్పయింది. కలుపు రాదని మేస్త్రి కింద ప్లాస్టిక్ షీటు పరిచాడు. నేల వాలు గోడవైపే ఉంది. డాబా గొట్టం నీళ్లన్నీ అందులోనే పడి, ఇంకే దారిలేక గోడ పక్కనే నిలిచిపోయాయి. తరవాత కంకరంతా తట్టలతో ఎత్తి, షీటు పీకేసి, నేలని బయటికి వాలేలా చేయించాను. పదడుగులకి ఆరంగుళాల వాలు అంటారు, మాకు పెరడు ఆరడుగులే, ఉన్నంతలో సర్దాం. గొట్టాన్ని కాలవ దాకా పొడిగించాం. ఇప్పుడు గరిక మొలుస్తోంది, పీకుతూ ఉండాలి. బాదం ఆకులు కంకరలో ఇరుక్కుంటే ఏరడం వేరే పని.

మాది ఇసక నేల, నీళ్లు తొందరగా దిగిపోతాయి. రేగడి నేలవాళ్లకి, రోడ్డుకంటే పల్లంలో ఇల్లున్నవాళ్లకి నేను ఇదే చెప్పలేను. ఇసక నేలైనా సరే, గిన్నెలు తోమే కుళాయి గోడపక్కనే ఉంటే ముందు దాన్ని జరిపించి, ఆ తరవాతే కంకర తోలించుకోండి.