తీపి గొంతు దిగని రాత్రి: రెండేళ్ల అంబలి అనుభవం

సైకిల్ మీద లాంగ్ రైడ్ అయ్యాక ఏం తాగాలని ఎవరు అడిగినా కార్బ్స్ ఇన్ని గ్రాములు, ప్రొటీన్ ఇన్ని గ్రాములు అని లెక్కలు మొదలవుతాయి. లెక్కలు తప్పని అనను. కానీ ముందు అది గొంతు దిగాలి, దిగాక కడుపులో నిలవాలి. రెండేళ్లుగా నేను తాగుతున్న రాగి అంబలి మీద రాస్తున్న ఈ సమీక్ష అంతా ఆ ఒక్క ముక్క గురించే.

అంబలికి ముందు మూడేళ్లు, రైడ్ అయ్యాక ఒళ్లు తేరుకోవడానికని అమ్మే చాక్లెట్ రికవరీ పొడి వాడాను. 2006లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ వాళ్లు తొమ్మిది మంది సైక్లిస్టుల మీద ప్రయోగం చేస్తే, అలసిన ఒంటికి చాక్లెట్ పాలు స్పోర్ట్స్ డ్రింకులకు ఏమాత్రం తీసిపోలేదట. అది చదివి పొంగిపోయి మొదలుపెట్టాను. చల్లటి పాలలో రెండు స్కూపులు వేసి గిలక్కొట్టి తాగడం. ఆదివారం పొద్దున వికారాబాద్ వైపు ఎనభై కిలోమీటర్లు తొక్కి పదింటికల్లా ఇంటికి చేరితే దాన్ని మించింది లేదనిపించేది. పోరు పెట్టి ఇంకో ఇద్దరి చేత కొనిపించాను కూడా.

2024 ఏప్రిల్‌లో బీఆర్‌ఎంకి (గడువు లోపల తొక్కి ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్) ప్రాక్టీసుగా ఎల్బీనగర్ నుంచి నాగార్జునసాగర్ దాకా వెళ్లి వచ్చి, ఊళ్లో ఇంకాస్త తిరిగి 300 కిలోమీటర్లు పూర్తి చేశాను. పొద్దున అయిదింటికి బయలుదేరితే అపార్ట్‌మెంటు గేటు చేరేసరికి రాత్రి పదిన్నర. మల్లేపల్లి దాటాక వడగాలి ముఖం మీద కొడుతూనే ఉంది. దారంతా తిన్నదీ తాగిందీ తీపే: గ్లూకోజు నీళ్లు, పల్లీ పట్టీ, అరటిపళ్లు, రెండు కూల్‌డ్రింకులు. నల్ల షార్ట్స్ మీద ఉప్పు తెల్లటి చారలు కట్టింది. పొద్దున 74 కిలోలున్నవాణ్ణి 71.5కి దిగాను.

రైడ్ అయిన అరగంటలో తాగాలన్న పట్టుదల ఒకటి ఉండేది నాకు. ఫోన్ చేసి మా ఆవిడ చేత షేక్ కలిపించి, కిందికే తెప్పించుకుని, పార్కింగ్‌లో నిలబడి ఒక్క గుక్కలో తాగేశాను. రెండు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత నోట్లో నీళ్లూరాయి, చెవులు గుయ్‌మన్నాయి, తులసి కుండీ పక్కన మొత్తం కక్కేశాను. తల మీద హెల్మెట్ ఇంకా అలాగే ఉంది. వాచ్‌మన్ పరుగున వచ్చి, "ఏంది సార్, ఎక్కువైందా?" అన్నాడు. మా ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది.

వాచ్‌మన్ భార్య లోపలి నుంచి స్టీలు గ్లాసుతో వచ్చింది. వాళ్లది కల్వకుర్తి దగ్గర పల్లె. "తైదంబలి సారూ, జర జర తాగుండ్రి, కడుపు సల్లగైతది" అంది. తైదలంటే రాగులే, మా శ్రీకాకుళంలో దాన్నే చోడంబలి అంటాం. చిన్నప్పుడు అమ్మ పోస్తే ఎవరూ చూడకుండా గేదె కుడితిలో పారబోసేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం ఆ పులుపూ, ఉప్పూ, అడుగున ఉల్లిపాయ ముక్కలూ నాలుక్కి తగలగానే ఒళ్లు ఇంకా కావాలంది. సగం గ్లాసు చప్పరిస్తూ తాగాను. నిలిచింది. రెండో గ్లాసు అడిగి మరీ పోయించుకున్నాను.

అలసిపోయి వేడెక్కిన ఒంట్లో కడుపుకి రక్తం సరిగ్గా అందదు, అరుగుదల మందగిస్తుంది. దాని మీద అంత చిక్కటి తీపి పాలు ఒక్కసారిగా పోయడం నా తెలివితక్కువ. పాలు నాకు పడవని తర్వాత తెలిసింది, మనవాళ్లలో చాలామందికి పడవట. కాబట్టి తప్పంతా పొడిదే అనడం అన్యాయం. నీళ్లలో కలుపుకుని మెల్లగా తాగి ఉంటే ఈ సమీక్ష రాసేవాణ్ణి కాదేమో.

అప్పటి నుంచి ఈ రెండేళ్లలో వంద కిలోమీటర్లు దాటిన ప్రతి రైడ్ తర్వాత అంబలే. ముందు రోజు సాయంత్రం 50 గ్రాముల రాగిపిండి నీళ్లలో కలిపి మూతపెట్టి వదిలేస్తాం. రాత్రికి పులుస్తుంది. పొద్దున గుప్పెడు నూకలు ఉడికించి అందులో ఈ పిండి పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ కాచి, చల్లారాక మజ్జిగ కలపడం. అంతా కలిపి లీటరు. ఉప్పు అర టీస్పూను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది, నా అర టీస్పూను ఇంచుమించు అంతే. అలాగని అంబలి ఓఆర్‌ఎస్ అయిపోదు. విరేచనాలు పట్టుకుంటే ప్యాకెట్టే తాగాలి.

ప్యాకెట్టంటే గుర్తొచ్చింది. మధ్యలో కొన్నాళ్లు మెడికల్ షాపులో దొరికే టెట్రా ప్యాక్ కూడా తాగాను, పేరులో ఓఆర్‌ఎస్ అని ఉంది కదా అని. వెనక అక్షరాలు చదివితే 200 మిల్లీలీటర్లలో ఇరవై గ్రాముల పైనే చక్కెర! అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు మొత్తానికి గ్లూకోజు 13.5 గ్రాములే. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా పాటించని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కొబ్బరినీళ్ల మాటకొస్తే నాకూ ఇష్టమే. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయేదేమో ముఖ్యంగా సోడియం. చిటికెడు ఉప్పు వేసుకుని తాగితే షాపువాడు వింతగా చూస్తాడు.

ఇక అంబలితో పడ్డ పాట్లు. ప్రొటీన్ తక్కువ: 50 గ్రాముల పిండిలో ఇంచుమించు మూడున్నర గ్రాములే, మజ్జిగతో ఇంకాస్త. ఆరు నెలలు ఇది పట్టించుకోలేదు. కాళ్లు మూడో రోజుకి గానీ తేరుకోవడం లేదని గమనించాక రెండు ఉడికించిన గుడ్లు జత చేశాను. ఇంకోటి, ఎండాకాలంలో దాన్ని దారిలో మోసుకెళ్లకూడదు. నిరుడు మే నెలలో స్టీలు బాటిల్ నిండా పోసి మూత బిగించి తీసుకెళ్లాను. సాగర్ దారిలో మాల్ అనే ఊళ్లో టీ బండి దగ్గర మూత తిప్పానో లేదో తుస్సుమని పొంగి, టీ పోస్తున్న పెద్దాయన చొక్కా మీదికి చిమ్మింది. పులిసేది కదా, గ్యాసు నిండిపోయింది. "ఇదేం సోడా బాబూ?" అని ఆయన నవ్వేశాడు కాబట్టి సరిపోయింది. వాసన మాత్రం నా బ్యాగులో వారం ఉంది.

నా సంగతి తెలుసుకున్నాకే నా మాట తీసుకోండి. నాకు నలభై ఆరేళ్లు, బీపీ లేదు, షుగర్ లేదు, రేసుల్లో దిగను. రైడ్‌కీ రైడ్‌కీ మధ్య వారం ఉంటుంది, మెల్లగా తేరుకున్నా నష్టం లేదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరునే అడగాలి. మర్నాడే మళ్లీ తొక్కాల్సినవాళ్లకి నా లీటరు అంబలి చాలదు. తొందరగా తేరుకోవాలంటే మొదటి నాలుగు గంటలు, గంటకి కిలో బరువుకి గ్రాము పైచిలుకు కార్బ్స్ పడాలంటారు. నా బరువుకి గంటకి 74 గ్రాముల పైనే. పిండీ నూకలూ కలిపినా లీటరు మొత్తంలో అంత ఉంటే గొప్ప.

ఈ డిసెంబర్‌లో 600 కిలోమీటర్ల బీఆర్‌ఎం తొక్కాలని ఉంది. నలభై గంటల గడువు, మధ్యలో రెండు మూడు గంటల నిద్ర. అక్కడ అంబలి ఎవరు కాస్తారు? పెరుగన్నంలో ఉప్పెక్కువ వేసుకుని తిని, పక్కన చాక్లెట్ పొడినే నీళ్లలో పల్చగా కలుపుకుందామనుకుంటున్నాను. పాలలో మాత్రం కాదు.